వీరుడి పక్కన ఎప్పుడూ రాకుమారేనా?

2025 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. పెద్ద పెద్ద వార్తల మధ్య అది మన ఇళ్ళల్లో చర్చకు రాలేదు గానీ, పిల్లలున్న తల్లులం కాస్త ఆగి ఆలోచించాల్సిన విషయమే. మేరీలాండ్ రాష్ట్రంలో వాషింగ్టన్‌కి ఆనుకుని మాంట్‌గొమరీ కౌంటీ ఉంది. అక్కడి ప్రభుత్వ బడుల్లో 2022లో చిన్నపిల్లలకు చదివి వినిపించడానికి కొన్ని కథల పుస్తకాలు తెచ్చారు. ఇద్దరు మగవాళ్ళు పెళ్ళి చేసుకోవడం, ఆడపిల్ల అనుకున్న బిడ్డ 'నేను మగపిల్లవాణ్ణి' అని చెప్పుకోవడం లాంటి విషయాలు వాటిలో ఉన్నాయి. 'ఇవి మా మతానికి సరిపడవు, ఆ పాఠం జరిగేటప్పుడు మా పిల్లల్ని బయటికి పంపండి' అని కొందరు ముస్లిం, క్రైస్తవ తల్లిదండ్రులు అడిగారు. మొదట సరేనన్న బడులు 2023లో కుదరదన్నాయి. గొడవ సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆరుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ముగ్గురు మరోవైపు. కేసు పూర్తిగా తేలేవరకు పిల్లల్ని ఆ పాఠాల నుంచి తప్పించుకునే వీలు తల్లిదండ్రులకు ఉండాలని తేల్చారు.

ఆ పుస్తకాల జాబితాలో ఒక పేరు దగ్గర నా చూపు ఆగిపోయింది. 'ప్రిన్స్ అండ్ నైట్'. నైట్ అంటే రాత్రి కాదండోయ్! ఒళ్ళంతా ఇనుప కవచం తొడుక్కుని, గుర్రమెక్కి, రాజుకి ప్రమాణం చేసి బయల్దేరే యూరప్ యుద్ధవీరుడు. మన జానపద సినిమాల్లో కత్తి కాంతారావుకి కవచం తొడిగితే ఎలా ఉంటాడో అలా అనుకోండి. 2018లో డేనియల్ హాక్ రాసిన బొమ్మల పుస్తకం అది. కథ చిటికెడంత. రాకుమారుడికి సంబంధాలు చూస్తుంటారు. ఏ రాకుమార్తే అతనికి నచ్చదు. ఈలోగా రాజ్యం మీదికి డ్రాగన్ వచ్చిపడుతుంది. ఒక యువ వీరుడు వచ్చి రాకుమారుడితో కలిసి దాన్ని అణచివేస్తాడు. పైనుంచి పడిపోతున్న రాకుమారుణ్ణి పట్టుకుంటాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం కలుగుతుంది. తల్లీ తండ్రీ సంతోషంగా పెళ్ళి చేసేస్తారు. అంతే!

రాక్షసుణ్ణి చంపినవాడికి కూతుర్నీ అర్ధరాజ్యాన్నీ ఇచ్చేయడం మన చందమామ రాజులకూ అలవాటే కదా. ఇక్కడ కూతురి బదులు కొడుకు. కథలు రాసుకునేదాన్ని కాబట్టి చెబుతున్నాను, కథగా ఇది గొప్పదేం కాదు. ఒక పేజీలో పరిచయం, రెండో పేజీలో పెళ్ళి! కానీ ఆ లెక్కన మనం చిన్నప్పుడు చదివిన రాకుమారి కథలు నూటికి తొంభై అంతే కదా. అప్పుడు మనకెవరికీ తొందరపాటు అనిపించలేదు.

'మేరీలాండ్ గొడవ మనకెందుకమ్మా?' అని మీరనొచ్చు. మాది కొండాపూర్. 1998లో సైబర్ టవర్స్ మొదలైనప్పుడు ఈ చుట్టుపక్కలంతా బండరాళ్ళూ తుమ్మచెట్లేనట. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్లో సగం కాపురాలు అమెరికా నుంచి తిరిగొచ్చినవో, అమెరికా ప్రయాణానికి పెట్టెలు సర్దుకుంటున్నవో. మా అమ్మాయికి పదకొండేళ్ళు. దాని స్నేహితుల చేతుల్లో ఉండేవి తెలుగు పుస్తకాలు కావు. హ్యారీ పాటర్లు, పెర్సీ జాక్సన్లు. టీవీలో చూసేదీ అదే సరుకు. అక్కడి కోర్టులో పేచీ నడిచిన వీరులు ఇక్కడ మన పిల్లల దిండు కింద ఎప్పుడో చేరిపోయారు. వాళ్ళని చదవనివ్వాలా వద్దా అనే ప్రశ్నకి ఆలస్యమైపోయింది. చదివి వచ్చి పిల్ల ఏదైనా అడిగితే, జవాబు చెప్పడానికి మన దగ్గర ఏ భాష ఉందన్నదే నా ప్రశ్న.

ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లల కోసం రాసే నవలల్ని ఇంగ్లీషులో మిడిల్ గ్రేడ్ అంటారు. బొమ్మల పుస్తకం దాటి, పెద్దవాళ్ళ నవలకి చేరని వయసు. మాయలు, కత్తులు, ప్రమాణాలు, ప్రాణస్నేహాలు... ఈ వయసు పిల్లలకి అన్నం కన్నా ఇవే ఇష్టం. ఆ పుస్తకాల్లో ఈ విషయం ఒక్కరోజులో రాలేదు. మొదట మారువేషంలో వచ్చింది. 1983లో టమోరా పియర్స్ అనే రచయిత్రి 'అలన్నా' నవల రాసింది. వీరుల శిక్షణ మగపిల్లలకే ఇచ్చే రాజ్యంలో ఒక ఆడపిల్ల కవల సోదరుడితో స్థానం మార్చుకుని, ఆలన్ అని మగపేరు పెట్టుకుని, రొమ్ములు కనబడకుండా బట్ట బిగించి కట్టుకుని కత్తిసాము నేర్చుకుంటుంది. నాలుగు భాగాలుగా వచ్చిందీ కథ. ఆడపిల్లల ధైర్యం గురించిన పుస్తకమే అది. అయినా 'నా ఒంటిని దాచుకుంటే తప్ప నేననుకున్నది కాలేను' అన్న ఆ పిల్ల బాధ, ఇంకో రకం రహస్యం మోస్తున్న పిల్లలకి కూడా తమదే అనిపించి ఉంటుంది.

తర్వాతిది మౌనం. ఆ పియర్స్ గారే 1997లో మొదలుపెట్టిన మరో వరుసలో ఇద్దరు స్త్రీలు ఒకే కుటీరంలో ఉంటూ పిల్లల్ని పెంచుతారు. వాళ్ళు జంట అన్న సంగతి స్పష్టంగా తెలిసింది 2005లో వచ్చిన పుస్తకంలో. ఇక హ్యారీ పాటర్ సంగతి మీకూ తెలిసే ఉంటుంది. ఏడు పుస్తకాలూ అయిపోయాక, 2007 అక్టోబర్‌లో రచయిత్రి రౌలింగ్ ఒక సభలో 'డంబుల్‌డోర్ గే' అంది. పుస్తకంలో ఆ మాటే లేదు! అచ్చులో లేనిదాన్ని సభలో చెప్పడం ఏం ధైర్యమో నాకైతే అర్థం కాలేదు. పెళ్ళి భోజనంలో వడ్డించని లడ్డూ గురించి వీధి గుమ్మం దగ్గర చెప్పినట్టుంది.

పుస్తకం లోపలే చెప్పినవాడు రిక్ రయర్డన్. మా పిల్లలు తెగ చదివే పెర్సీ జాక్సన్ కథలు ఆయనవే. 2013లో వచ్చిన 'ది హౌస్ ఆఫ్ హేడీస్' నవలలో నీకో అనే కుర్రవాడున్నాడు. మృత్యుదేవత కొడుకు, పద్నాలుగేళ్ళవాడు, చేతిలో నల్లని ఇనుప కత్తి. ఎవరితోనూ కలవడు, ఎప్పుడూ కోపం. నాలుగైదు పుస్తకాలుగా వాడి కోపమేమిటో మనకి తెలియదు. ఈ పుస్తకంలో మన్మథుడు (ఆ దేశపు మన్మథుడు సుకుమారుడేం కాదు, మహా క్రూరుడు) వాణ్ణి నిలదీసి నిజం చెప్పమంటాడు. వాడు చెబుతాడు. తన మనసు పెర్సీ మీద ఉందని. ప్రేమిస్తున్నానని చెప్పడానికి ఆ పిల్లవాడు పడిన సిగ్గు, భయం, అవమానం చదువుతుంటే నాకు కళ్ళు చెమర్చాయి. అంతమంది రాక్షసులతో పోరాడినప్పుడు లేని భయం వాడికి ఒక్క వాక్యం పలకడానికి వచ్చింది. ఇది కథంటే! ఇక్కడ పాత్రకి పేరు తగిలించి ఊరుకోలేదు, పాత్ర మనసు విప్పారు.

2023 జూన్ చివర్లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'నిమోనా' సినిమా కూడా చూడండి. ఎన్.డి. స్టీవెన్సన్ బొమ్మల నవల ఆధారంగా తీశారు. సామాన్యుల ఇంట్లో పుట్టి తొలిసారిగా వీరుడి పదవి అందుకోబోతున్న బాలిస్టర్ మీద, అదే సభలో, రాణిని చంపాడన్న నేరం పడుతుంది. అతని చెయ్యి నరికేది ఎవరనుకున్నారు? అతను ప్రేమించినవాడే. అతనూ వీరుడే, పేరు ఆంబ్రోషియస్. ప్రేమించినవాడు ఒకవైపు, చేసిన ప్రమాణం ఒకవైపు. మన పురాణాల్లో ఇలాంటి ధర్మసంకటాలు ఎన్ని లేవు! ఈ సినిమా తీస్తున్న స్టూడియోని డిస్నీ సంస్థ 2021లో మూసేసింది. సినిమా అటకెక్కింది. తర్వాత అన్నపూర్ణ అనే అమెరికా సంస్థ చేతికి వచ్చి బయటపడింది (మన అక్కినేని వారి అన్నపూర్ణ కాదు లెండి, పేరొకటే). 2024 ఆస్కార్‌కి నామినేషన్ కూడా వచ్చింది.

మా పై అంతస్తు ఆవిడ, బాగా చదువుకున్నావిడ, ఈ సినిమా గురించి నాతో అంది: "ఇదంతా వాళ్ళ సంస్కృతండీ. మన పిల్లల బుర్రల్లోకి ఎందుకు ఎక్కిస్తారో!"

ఆ మాట పక్కింటి వంటింట్లోంచి రోజూ వినిపించేదే. కానీ అప్పుడే మా అత్తయ్య పిల్లలకి విరాటపర్వం చెబుతోంది! దసరా దగ్గరికొచ్చింది కదా, జమ్మిచెట్టు మీద ఆయుధాలు దాచిన కథ అడిగారు పిల్లలు. నేను పప్పు పోపు వేస్తూ వింటున్నాను.

మీకు తెలిసిన కథే. ఊర్వశి శాపాన్ని అడ్డం పెట్టుకుని అర్జునుడు బృహన్నలగా విరాటరాజు కొలువులో చేరాడు. రాజు తన కూతురు ఉత్తరకి నాట్యం నేర్పమని ఆ బృహన్నల చేతిలో పెట్టాడు. కౌరవులు గోవుల్ని తోలుకుపోతుంటే చిన్నవాడైన ఉత్తరకుమారుడు అంతఃపురంలో కూర్చుని ప్రగల్భాలు పలికాడు. అతనికి రథం తోలింది బృహన్నల. కౌరవసేనని చూడగానే పిల్లవాడి గుండె జారిపోయి, రథం దిగి పరుగు లంకించుకున్నాడు. వెంటపడి పట్టుకుని, బుజ్జగించి, 'యుద్ధం నేను చేస్తాను, నువ్వు పగ్గాలు పట్టుకో' అని నిలబెట్టింది ఎవరు? బృహన్నలే. అంటే మన సాహిత్యంలో ఒక కుర్రవీరుడికి మొదటి యుద్ధపాఠం చెప్పింది, జడ వేసుకుని గాజులు తొడుక్కున్న మనిషి. 1963లో 'నర్తనశాల'లో రామారావు గారు ఆ వేషం కట్టారు, రేలంగి గారు ఉత్తరకుమారుడు. రాష్ట్రమంతా చూసింది. ఎవరూ సంస్కృతి పాడైపోయిందనలేదు.

అసలు ఘట్టం ఆ తర్వాత ఉంది. సాధారణంగా పిల్లలకి చెప్పేటప్పుడు మనం దాన్ని ఎగరేసేస్తాం. అత్తయ్య ఎగరెయ్యలేదు. కొడుకు గెలిచాడన్న వార్త విని విరాటుడు పొంగిపోతూ కంకుభట్టుతో, అంటే మారువేషంలో ఉన్న ధర్మరాజుతో, పాచికలాడుతున్నాడు. 'నా కొడుకు కౌరవుల్ని ఓడించాడు చూశావా!' అంటే, కంకుభట్టు 'బృహన్నల సారథిగా ఉండగా గెలవక ఏం చేస్తాడు' అన్నాడు. మళ్ళీ పొగిడితే మళ్ళీ అదే జవాబు. రాజుకి ఒళ్ళు మండిపోయింది. నా కొడుకుతో సమానంగా ఒక పేడిని పొగుడుతావా అని పాచిక విసిరికొట్టాడు. ధర్మరాజు ముక్కులోంచి నెత్తురు కారింది. ఆ నెత్తురు నేలపడకుండా ద్రౌపది పాత్రలో పట్టింది.

కూతురికి ఆటా పాటా నేర్పడానికి బృహన్నల పనికొచ్చింది. కొడుకు గెలుపులో భాగం ఇవ్వాల్సి వచ్చేసరికి తండ్రికి ఆ పేరు వినడమే అవమానమైపోయింది! వందల ఏళ్ళ కిందటి ఆ విరాటుడు మా గేటెడ్ కమ్యూనిటీలో ఏ బ్లాకులోనైనా దొరుకుతాడు. ఆఫీసులో జూన్ నెల వచ్చిందంటే ఇంద్రధనుస్సు రంగుల బ్యాడ్జీ పెట్టుకుని ఫోటో దిగుతాడు. బహుళజాతి కంపెనీలు చాలావాటిలో ఈ ఉద్యోగుల కోసం సంఘాలే ఉన్నాయి. మావారి ఆఫీసులోనూ ఉంది. సాయంత్రం క్యాబ్ దిగి ఇంటికొచ్చాక, పదేళ్ళ కొడుకు అక్క చున్నీ భుజాన వేసుకుని గంతులేస్తే మాత్రం 'ఏంట్రా ఆ ఆడంగి వేషాలు' అని గదమాయిస్తాడు. బ్యాడ్జీ మాదాపూర్లోనే ఉండిపోతుంది.

చట్టం కూడా విరాటుడి లాగే చాలాకాలం ప్రవర్తించింది. నిజాం కాలంలో, 1919 ప్రాంతంలో, ఈ హైదరాబాద్ రాజ్యంలో ఒక చట్టం చేశారు. హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టర్లో ఎక్కించాలి. ఆడబట్టలు కట్టుకుని బజారులో కనిపిస్తే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. పదహారేళ్ళ లోపు మగపిల్లవాడు వాళ్ళ దగ్గర ఉంటే శిక్ష. ఈ చివరి మాట గమనించండి. బృహన్నల చేతికి కన్నకూతుర్ని అప్పగించిన కథ చెప్పుకునే గడ్డ మీద, పిల్లల దరిదాపుల్లోకి రానివ్వకూడని మనుషులుగా వాళ్ళని రాసిపెట్టారు. ఈ చట్టం ఎప్పుడు పోయిందనుకుంటున్నారు? 2023 జులైలో! తెలంగాణ హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. దానికి రెండేళ్ళ ముందే, 2021 మార్చిలో, సైబరాబాద్ పోలీసులు గచ్చిబౌలి స్టేషన్లో ట్రాన్స్‌జెండర్ల కోసం ప్రత్యేక డెస్క్ పెట్టారు. దేశంలో ఇలాంటిది ఇదే మొదటిదన్నారు. అంటే ఒకే ఊళ్ళో రెండేళ్ళ పాటు, ఒక చేత్తో పట్టుకునే చట్టం, ఒక చేత్తో ఆదుకునే డెస్క్.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు స్వలింగ ప్రేమ నేరం కాదంది. పెళ్ళి హక్కు అడుగుతూ అదే కోర్టుకి వెళ్ళిన సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ మన హైదరాబాద్‌లో కాపురం పెట్టినవాళ్ళే. 2023 అక్టోబర్ 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం పెళ్ళి హక్కు ఇవ్వలేమని, అది పార్లమెంటు చూసుకోవాలని చెప్పింది. కథల పుస్తకంలో రెండో పేజీకే అయిపోయిన పెళ్ళి ఇక్కడ అలా ఆగి ఉంది.

మళ్ళీ కథల్లోకి వద్దాం. మన రుద్రమదేవి సంగతేమిటి? గణపతిదేవుడి కూతురు. మగపిల్లవాడిలా పెంచారని చెప్పుకుంటాం. శాసనాల్లో రుద్రదేవ మహారాజని మగపేరు కూడా కనిపిస్తుంది. 2015లో గుణశేఖర్ తీసిన సినిమాలో రుద్రదేవుడికి ముక్తాంబతో పెళ్ళి కూడా చేస్తారు. మనం థియేటర్లో ఈలలు వేసి చూశాం. రుద్రమ క్వీర్ అని నేనడం లేదు, ఏడువందల ఏళ్ళ నాటి మనిషికి ఈనాటి పేరు అంటించడం నాకు నచ్చదు కూడా. నేననేది ఒకటే. అలన్నా కథ ఇంగ్లీషువాళ్ళది అనుకుంటే, అంతకన్నా పాతది ఓరుగల్లు కోటలో మనకుంది. శిఖండి కథ ఇంకా వింత. ద్రుపదుడి ఇంట కూతురుగా పుట్టి, కొడుకుగా పెరిగి, ద్రోణుడి దగ్గర విలువిద్య నేర్చుకుని, పెళ్ళిలో నిజం బయటపడి అడవికి పోతే, స్థూణాకర్ణుడనే యక్షుడు తన మగతనాన్ని ఇచ్చి పంపుతాడు. పన్నెండేళ్ళ పిల్లలకి ఇంతకన్నా మంచి మాయకథ దొరుకుతుందా! ఆ పేరుని మనమేం చేశాం? తిట్టు చేసుకున్నాం. అడ్డుపడేవాణ్ణి 'శిఖండిలా దాపురించావేంట్రా' అంటాం.

తిట్లు తప్ప మాటలు లేకపోవడమే మన అసలు పేదరికం. ఆలోచించి చూడండి. పేడి, ఆడంగి, కొజ్జా... అన్నీ రాయి విసిరినట్టుంటాయి. మన సినిమాలు 'తేడా' అనే చిన్న మాటని కూడా వెకిలి నవ్వుకి వాడుకున్నాయి. బడిబస్సులో ఆ మాట వాడని పిల్లలు లేరు. మర్యాదైన మాటలు కావాలంటే ఇంగ్లీషులోకి పోవాలి. నీకో గురించి మా అమ్మాయి నాతో మాట్లాడినప్పుడు ఇంగ్లీషులోనే మాట్లాడింది. వాళ్ళ నానమ్మకి చెప్పమంటే, "తెలుగులో బ్యాడ్‌వర్డ్ అయిపోతుందమ్మా" అంది. నాకు గుండెలో కలుక్కుమంది. నానమ్మకి చెప్పలేని విషయమై కాదు. బృహన్నల కథని నెత్తుటిచుక్కతో సహా చెప్పగల మనిషి ఆవిడ. ఆ ఇద్దరి మధ్యా ఉన్న భాషలో ఆ ఒక్కచోట గొయ్యి ఉంది.

పెద్దల సాహిత్యంలో ఆ గొయ్యి కొంత పూడుతోంది. రేవతి గారి ఆత్మకథని పి.సత్యవతి గారు 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేస్తే, 2019కి అనువాదంలో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పిల్లలకి? చెన్నైలోని తూలికా వాళ్ళు కనక్ శశి రాసిన గుఠ్లీ కథ వేశారు. అక్క గౌను కావాలనే చిన్నబిడ్డ కథ. చక్కనిది, కానీ అది చిన్నపిల్లలకి. కత్తులూ గుర్రాలూ మాయలూ ఉన్న తెలుగు కథలో, పదేళ్ళ పిల్లలు చదివేదాంట్లో, అలాంటి వీరుడు నాకు తారసపడలేదు.

మా నాన్న బైండు చేయించి దాచిన పాత చందమామలున్నాయి నా దగ్గర. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళకి నేను ఇప్పటికీ బానిసనే. 'రాతి రథం', 'యక్షపర్వతం'లో ఖడ్గవర్మ, జీవదత్తుడు అడవులూ కొండలూ దాటుకుంటూ ఒకరి ప్రాణం ఒకరు కాపాడుకుంటూ పోతారు. వాళ్ళు స్నేహితులు. స్నేహాన్ని స్నేహంగా ఉండనివ్వాలి, ప్రతి జంటనీ లాగి ప్రేమలో పడెయ్యక్కర్లేదు. మగపిల్లల మధ్య అంత మెత్తని స్నేహం చూపించే కథలు అసలే తక్కువ. కానీ అన్ని పుస్తకాల్లో అంతమంది వీరుల్లో ఒక్కడు, ఒకే ఒక్కడు, వేరేగా ఉంటే రాజ్యాలు కూలిపోయేవా?

"ఈ వయసులో పిల్లలకి ఇవన్నీ ఎందుకు?" అంటారు. నిజమే, పదేళ్ళ పిల్లలకి పడగ్గది విషయాలు అక్కర్లేదు. ఎవరు రాసినా నేనూ ఒప్పుకోను. నేను చెప్పిన పుస్తకాల్లో అవి లేవు కూడా. రాకుమారి మెళ్ళో వీరుడు దండ వేస్తే పడగ్గది గుర్తురాని మనకి, ఇంకో వీరుడి మెళ్ళో వేస్తే మాత్రం అదే ఎందుకు గుర్తొస్తోందో మనల్ని మనమే అడగాలి. పైగా పదకొండు, పన్నెండేళ్ళకే కొందరు పిల్లలకి తాము మిగతావాళ్ళలా లేమని తెలుస్తుంది. పేరు తెలియదు, భయం మాత్రం తెలుస్తుంది. ఆ పిల్లకి నీకో దొరికితే 'నాలాంటివాడు కత్తి పట్టుకున్నాడు' అనుకుంటుంది. దొరక్కపోతే బడిబస్సులో 'తేడా' అన్న మాట దొరుకుతుంది. రెండింట్లో ఏదో ఒకటి ముందు చేరుతుంది.

కిందటేడు నేనే ఒక పిల్లల కథ రాశాను. కాకతీయుల కాలం, ఓరుగల్లు కోట. విలువిద్య నేర్చుకునే ఇద్దరు కుర్రాళ్ళు, ఒక గుడ్డి గుర్రం, ఏకశిల లోపల దాక్కున్న ఒక భూతం. ఒక కుర్రాడికి రెండోవాడంటే ప్రాణం. చివర్లో ఆ మాట చెబుతాడు, రెండోవాడు నవ్వడు. అంతే ఉంది అందులో. ఒక పత్రికకి పంపితే సంపాదకులు చాలా మర్యాదగా ఫోన్ చేశారు. కథ బాగుందమ్మా, వీళ్ళిద్దర్నీ అన్నదమ్ములుగా మార్చండి అన్నారు. కుదరదన్నాను. పోనీ ఒకణ్ణి మారువేషంలో ఉన్న అమ్మాయిని చెయ్యండి, చివర్లో తలపాగా ఊడి జడ కిందికి జారితే పాఠకులు చప్పట్లు కొడతారు అన్నారు. ఆయన దయగల మనిషే, కథని బతికించాలనే చూశారు. కథ నా దగ్గరే ఉండిపోయింది.

మొన్న ఆదివారం మా క్లబ్‌హౌస్‌లో పిల్లలకి దాన్నే చదివాను. ఊరికే కాదు. కథ ఏమిటో, చివర్లో ఏముందో ముందే తల్లులందరికీ వాట్సాప్‌లో పెట్టాను. పన్నెండు మంది పిల్లలు వస్తారనుకుంటే ఏడుగురే వచ్చారు. పై అంతస్తు ఆవిడ వాళ్ళబ్బాయిని పంపలేదు. తన బిడ్డ, తన ఇష్టం, నేనేమీ అనుకోలేదు. వచ్చిన ఏడుగురూ విన్నారు. చివరి మాట దగ్గర ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు, మిగతావాళ్ళు ఊరుకున్నారు. కథయ్యాక చర్చంతా గుర్రం మీదే. దానికి చూపు తిరిగొస్తుందా రాదా? రాకపోతే అది అన్యాయం అని ఒక పిల్ల నాతో పోట్లాటకి దిగింది.

మర్నాడు లిఫ్టులో పై అంతస్తు బాబు కనిపించాడు. నాలుగో ఫ్లోర్ దాకా ఏం మాట్లాడలేదు. అయిదో ఫ్లోర్ దగ్గర, "ఆంటీ, ఆ కథలో వాడు చెప్పాక రెండోవాడు ఏమన్నాడు?" అన్నాడు. ఎవరు చెప్పారో మరి.

"మీ అమ్మనడిగి రా నాన్నా, కూర్చుని మొత్తం చదువుకుందాం" అన్నాను.

ఇంకా రాలేదు. కథ కాగితాలు హాల్లో టీపాయ్ మీదే ఉంచాను.